విశ్రాంతిలో, నిద్రలో ఒళ్ళు ఖర్చు చేసే కేలరీలు కొలిపించుకున్నాను: బెంగళూరులో నా అనుభవం

ఎంత తూచి తిన్నా బరువు తగ్గడం లేదని వెళ్తే, 2024 జూన్ 11న ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) గారు నా పాత రిపోర్టులన్నీ తిరగేశారు. ఆరు నెలలుగా నేను రాసుకుంటూ వచ్చిన తిండి పుస్తకం కూడా పేజీ పేజీ చూశారు. చివరికి, "మీరు రాసింది నిజమేనని నాకు అనిపిస్తోందమ్మా. కానీ మీ ఒంట్లో ఎంత ఖర్చవుతోందో ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు. అందరూ అంచనా కట్టారు, అంతే" అన్నారు. మొదటి మాటకే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతకు ముందు చూపించుకున్న డైటీషియన్ నా మొహం మీదే, "పుస్తకంలో రాసేది ఒకటి, నోట్లోకి పోయేది ఒకటి అయితే బరువు ఎట్లా తగ్గుతారు?" అని అడిగారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

నాకు అప్పుడు 38 ఏళ్ళు. ఎత్తు 156 సెంటీమీటర్లు, అప్పటికి బరువు 71 కిలోలు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ తక్కువైంది, మాత్ర వేసుకుంటున్నాను, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్షలో వచ్చే అంకె) అదుపులోనే ఉంది. మాది ప్రొద్దుటూరు, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో స్థిరపడ్డాం. ఆ డైటీషియన్ నా వయసు, ఎత్తు, బరువు ఒక సూత్రంలో వేసి, "ఏ పనీ చేయకుండా పడుకున్నా మీ ఒళ్ళు రోజుకు 1445 కేలరీలు ఖర్చు చేస్తుంది" అని తేల్చారు. దాన్ని 1.4తో హెచ్చించి, ఆఫీసు పని, ఇంటి పని కలిపి 2020 పైచిలుకు అన్నారు. అందులోంచి 500 తీసేసి రోజుకు 1500 కేలరీల చార్టు ఇచ్చారు. ఆ ప్రకారం నెలకు రెండు కిలోలు తగ్గాలి. నేను వంటింట్లో త్రాసు పెట్టుకుని రాగి సంగటి ముద్ద కూడా తూచుకుని తిన్నాను. ఆరు నెలలకు తగ్గింది మొత్తం రెండు కిలోలు.

డాక్టర్ గారు రాసిచ్చిన పరీక్ష పేరు ఇన్‌డైరెక్ట్ కెలోరిమెట్రీ. మనం పీల్చే ఆక్సిజన్ ఎంత, వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎంత కొలిచి, దాన్నుంచి ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో లెక్కకడతారు. చీటీ చేతికొచ్చాక అసలు వెతుకులాట మొదలైంది. ఫోన్ చేసిన ప్రతి చోటా "ఆ, ఉంది మేడమ్, బీఎంఆర్ మెషీన్ ఉంది" అన్నారు. బీఎంఆర్ అంటే ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒళ్ళు ఖర్చు చేసే కేలరీలు. ఒక చోటికి వెళ్ళి చూస్తే, చెప్పులు విప్పి ఎక్కి నిలబడి రెండు చేతులతో పిడులు పట్టుకునే యంత్రం అది. ఒంట్లో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది చిన్న కరెంటుతో అంచనా వేస్తుంది, కింద బీఎంఆర్ అని ఒక అంకె కూడా అచ్చు వేసిస్తుంది. ఆ అంకె కొలిచింది కాదు, మళ్ళీ సూత్రమే. అందుకు 600 రూపాయలు కట్టాను. మీరు ఎవరైనా ఈ పరీక్ష కోసం ఫోన్ చేస్తే అడగాల్సింది ఒక్కటే: తల మీద మూత లాంటి హుడ్ గానీ మొహానికి మాస్కు గానీ పెట్టి ఊపిరి కొలుస్తారా? అవునంటేనే వెళ్ళండి.

చివరికి ఊరికి ఆ చివర ఉన్న ఒక ఆస్పత్రిలో దొరికింది. ధర అప్పుడు 3,200. ఇన్సూరెన్స్‌లో రాదు. వారంలో రెండు రోజులే చేస్తారు, పొద్దున పూట ఇద్దరికే, ఒక్కొక్కరికీ గంటన్నర పడుతుంది కాబట్టి. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మొట్టమొదట అడిగింది నా పీరియడ్స్ తేదీ. ఎందుకంటే అండం విడుదలయ్యాక నెలలో రెండో సగంలో ఒళ్ళు కాస్త ఎక్కువ ఖర్చు చేస్తుందట, అందుకని ఆడవాళ్ళకు మొదటి సగంలోనే పెడతారట. ఇది నాకు ఏ డైటీషియనూ చెప్పలేదు. ఆ లెక్కన మూడు వారాలకు పైగా ఆగాల్సి వచ్చింది. తేదీ జూలై 6, శనివారం.

ముందురోజు వాట్సాప్‌లో సూచనలు వచ్చాయి. రాత్రి ఎనిమిదిలోపు భోజనం ముగించాలి. తర్వాత మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. ముందురోజు వ్యాయామం వద్దు. పొద్దున కాఫీ, టీ వద్దు. థైరాయిడ్ మాత్ర వెంట తెచ్చుకుని పరీక్ష అయ్యాక వేసుకోవాలి (ఇది డాక్టర్ గారిని అడిగి నిర్ధారించుకున్నాను, మీరూ మీ డాక్టర్‌ని అడగండి). నడిచి రావద్దు, మెట్లెక్కవద్దు, లిఫ్టులోనే రావాలి. జలుబు, జ్వరం ఉంటే ముందే చెప్పాలి. మాకు ఇంట్లో ఫిల్టర్ కాఫీ లేకుండా తెల్లారదు. ఆరున్నరకల్లా నాకు తలనొప్పి పట్టుకుంది. కాబట్టి కాఫీ అలవాటున్నవాళ్ళు వారం ముందు నుంచే మెల్లగా తగ్గించుకోవడం మంచిది.

పొద్దున ఐదున్నరకు క్యాబ్ ఎక్కాను, 430 రూపాయలు. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగకుండా పోవడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆస్పత్రికి చేరేసరికి అక్కడి టెక్నీషియన్ అమ్మాయి యంత్రాన్ని సరిచూస్తోంది. 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్ గ్యాస్ పంపి, యంత్రం కూడా అవే అంకెలు చెబుతోందా లేదా అని చూస్తారు. అది చూశాక నాకు నమ్మకం కుదిరింది. ఆధార్ కార్డులో నా ఊరు చూసి, "మీది ప్రొద్దుటూరా అక్కా? మాది కోలారు, మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం" అంది. అప్పటిదాకా మేడమ్ అని పిలిచిన అమ్మాయి అక్కడి నుంచి అక్కా అనే పిలిచింది. ఆ పిలుపుకు సగం టెన్షన్ పోయింది.

అరగంట మంచం మీద కదలకుండా పడుకోమన్నారు. ఫోన్ తీసేసుకున్నారు. లైటు తగ్గించారు, గదిలో చలి లేకుండా చూసుకుని దుప్పటి కప్పారు, ఎందుకంటే చలికి వణికితే ఖర్చు పెరిగిపోతుంది. తర్వాత తల మీద హుడ్ పెట్టారు. మిఠాయి కొట్లో పళ్ళెం మీద బోర్లించే అద్దాల మూత లాంటిదే, కాకపోతే ప్లాస్టిక్‌ది. దాని అంచుకు ఉన్న పల్చటి షీటు మెడ చుట్టూ, భుజాల కింద దోపి గాలి బయటికి పోకుండా చేస్తారు. పైన ఒక గొట్టం లోపలి గాలిని ఒకే వేగంతో లాగుతూ ఉంటుంది. బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఊపిరాడకపోవడం అన్నది ఉండదు. ఈ మాట ముందే నాకు రెండుసార్లు చెప్పారు. అయినా మూత పడగానే గుండె దడదడలాడింది. నా ఊపిరి శబ్దం నాకే వినబడుతోంది. ముక్కు మీద దురద. గోక్కోవడానికి లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో వరికుప్పల్లో దాక్కుని ఊపిరాడక భయపడిన సంగతి ఏళ్ళ తర్వాత ఆ క్షణంలో గుర్తొచ్చింది.

పదిహేను నిమిషాలయ్యాక ఆ అమ్మాయి మూత తీసి, "అక్కా, ఈరోజు వద్దు" అంది. తెర మీద ఒక అంకె చూపించింది, 1.06. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె అది. కేవలం పిండిపదార్థాలే ఖర్చవుతుంటే 1 వస్తుంది, కేవలం కొవ్వే ఖర్చవుతుంటే 0.7. రాత్రంతా పరగడుపుతో ఉన్న మనిషికి ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉండాలి. 1 దాటిందంటే భయంతో గబగబా ఊపిరి వదులుతున్నానని, లోపల నిల్వ ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందని అర్థం. ఆ లెక్క పనికిరాదు. ఇంకోసారి ప్రయత్నించినా అంతే వచ్చింది. మరుసటి వారం ఖాళీలు లేవు, ఆ తర్వాత నా నెల లెక్క దాటిపోతుంది. అంటే మళ్ళీ ఆగస్టు. డబ్బు మళ్ళీ కట్టక్కర్లేదన్నారు గానీ, రెండు వైపులా క్యాబ్, అర్ధరోజు సెలవు, ఆ పరగడుపు అన్నీ పోయాయి. తిరుగు దారిలో చాలాసేపు మాట్లాడలేదు. మా ఆయన, "ఊపిరి పీల్చడంలో కూడా నువ్వు ఫెయిలయ్యావని ఎవరైనా అంటారనుకుంటున్నావా? యంత్రం సరైన లెక్క ఇవ్వనప్పుడు ఇవ్వనని చెప్పింది, అది మంచిదే కదా" అన్నారు. నిజమే. తప్పుడు అంకె చేతిలో పెట్టి పంపినవాళ్ళ కంటే వీళ్ళు ఎంతో నయం.

ఆ నెలంతా రాత్రి పడుకునే ముందు పల్చటి చున్నీ మొహం మీద కప్పుకుని పది నిమిషాలు కళ్ళు తెరిచి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇది ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. పని చేసింది.

ఆగస్టు 3న మళ్ళీ వెళ్ళాను. ఈసారి భయం లేదు, కానీ అసలు కష్టం వేరే ఎదురైంది. నిద్ర. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, చీకటి గదిలో వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకుంటే కళ్ళు వాలిపోతాయి. కానీ ఈ పరీక్షలో నిద్రపోకూడదు. నిద్రలో ఖర్చు ఇంకా తగ్గుతుంది కాబట్టి, మెలకువగా ఉండి పూర్తి విశ్రాంతిలో ఉన్నప్పటి లెక్కే కావాలి. పక్క మంచం దగ్గర ఉన్న ఇంకో టెక్నీషియన్ "నిద్దె మాడబేడి" (నిద్రపోవద్దు) అని కన్నడంలో అవతలాయనకు చెబుతోంది, ఇక్కడ మా కోలారు అమ్మాయి "అక్కా, కళ్ళు తెరవండి" అంటోంది. ఆలోచనలు కూడా ప్రశాంతంగా ఉంచుకోమన్నారు. నేను మనసులో పిల్లల స్కూల్ ఫీజుల లెక్క వేయకుండా, మా ఇంటి వెనక పెరట్లో ఏ మూల ఏ చెట్టు ఉండేదో గుర్తుచేసుకుంటూ గడిపాను. మొదటి ఐదు నిమిషాల లెక్క వదిలేస్తారు. ఆ తర్వాత అంకెలు పెద్దగా ఎక్కి దిగకుండా నిలకడగా ఉన్న భాగాన్నే తీసుకుంటారు. అరగంటలో అయిపోయింది.

ఫలితం అప్పటికప్పుడే చెప్పారు. నిమిషానికి 170 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తీసుకుంటున్నాను, 140 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాను. భాగిస్తే 0.82, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. దాన్ని కేలరీల్లోకి మార్చే సూత్రం 1949లో వీర్ అనే ఆయన ఇచ్చినదట. లీటర్లలో ఆక్సిజన్‌ని 3.941తో, కార్బన్ డయాక్సైడ్‌ని 1.106తో హెచ్చించి రెండూ కూడితే నిమిషానికి ఎన్ని కేలరీలో వస్తుంది. ఇంటికొచ్చి కాగితం మీద నేనే వేసి చూశాను. 0.67, 0.155, మొత్తం 0.825. రోజుకు 1440 నిమిషాలు. 1188 కేలరీలు.

సూత్రం చెప్పింది 1445. నా ఒళ్ళు నిజంగా ఖర్చు చేస్తున్నది 1188. రోజుకు 257 తేడా.

ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. సంతోషమో దుఃఖమో చెప్పలేను. 1188ని 1.4తో హెచ్చిస్తే 1663. నేను తింటున్నది 1500. అంటే ఆరు నెలలు నేను 500 తక్కువ తింటున్నాననుకున్నది నిజానికి 160 చిల్లర మాత్రమే. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల లోటు కావాలి. నెలకు అరకిలో కాస్త పైన, అదీ ఒక్క రోజు కూడా ఒక్క ముద్ద తేడా లేకుండా తింటే. మధ్యలో మరిది పెళ్ళి వచ్చింది, పండుగలు వచ్చాయి. నేను అబద్ధం రాయలేదు, చార్టు మొదలైన అంకే తప్పు. మా ఆయనకు లెక్క చూపిస్తే, "ఆ డైటీషియన్‌కు ఇది పంపు" అన్నారు. పంపాను. "నోట్ చేసుకుంటాను" అని జవాబు వచ్చింది. నాకు కావలసింది క్షమాపణ కాదు, ఆవిడ దగ్గరికి రేపు వచ్చే ఇంకో మనిషిని ఆ మాట అనకుండా ఉంటే చాలు.

డాక్టర్ గారి దగ్గరికి ఆగస్టు 9న వెళ్ళాను. ఇంత తేడా ఎందుకని అడిగాను. ఆ 1445 వచ్చిన హారిస్ బెనెడిక్ట్ సూత్రం 1919 నాటిది, అమెరికాలో 136 మంది మగవాళ్ళను, 103 మంది ఆడవాళ్ళను కొలిచి తయారు చేసినది. 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రంలో వేస్తే నాకు 1334 వస్తుంది, అదీ ఎక్కువే. మన బెంగళూరులోనే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఎన్నో ఏళ్ళు మన వాళ్ళను కొలిచి, బయటి దేశాల సూత్రాలు భారతీయులకు ఎక్కువ చూపిస్తున్నాయని 1990లలోనే రాశారని చెప్పారు. ఇంత దగ్గర్లో తేలిన విషయం మా చార్టుల దాకా రాకపోవడం నాకు బాధనిపించింది. ఇంకో కారణం ఒంట్లో ఏది ఎంత ఉందన్నది. విశ్రాంతిలో కిలో కండ రోజుకు 13 కేలరీలు ఖర్చు చేస్తే కిలో కొవ్వు నాలుగున్నరే చేస్తుంది. మెదడు కిలోకు 240, కాలేయం 200, గుండె, మూత్రపిండాలు ఏకంగా 440. అంటే పడుకున్నప్పుడు మన ఖర్చంతా ఎక్కువగా లోపలి అవయవాలదే. ఒకే బరువున్న ఇద్దరిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న మనిషికి ఖర్చు తక్కువ. "కేలరీలు ఇంకా తగ్గించుకుంటూ పోకండి, కండ పోతే ఈ 1188 కూడా పడిపోతుంది" అని గట్టిగా చెప్పారు.

ఇక్కడితో నా అవసరం తీరింది. కానీ ఆ కోలారు అమ్మాయి, నగరంలోనే ఒక పరిశోధన సంస్థలో నిద్రలో ఖర్చు కొలిచే గది ఉందని, ఆడ వలంటీర్లు దొరకడం లేదని చెప్పింది. నేను ఒప్పుకున్నాను. నాలాంటి వాళ్ళ లెక్కలు ఎక్కడో ఒక చోట నమోదు కాకపోతే మళ్ళీ వందేళ్ళ కిందటి అమెరికా వాళ్ళ లెక్కే మన నెత్తిన పడుతుంది కదా అన్నదొక్కటే నా ఆలోచన. ప్రొద్దుటూరులో మా అమ్మకు ఫోన్ చేసి చెబితే, "నిద్రపోయేదానికి గూడా ఆస్పత్రికి పోవల్లనా? నీకేమన్నా పెద్ద జబ్బు వచ్చి నాతో దాస్తాండావా?" అని భయపడింది. జబ్బేమీ లేదని నమ్మించడానికి రిపోర్టు ఫోటో పంపాల్సి వచ్చింది.

సంతకం చేయించుకునే ముందు ఒక డాక్టరు గంటసేపు కూర్చుని అంతా వివరించారు. ఏ క్షణమైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకుంటుంది. కరెంటు పోతే జనరేటర్ ఉంది. ఖర్చేమీ లేదు, దారి ఖర్చుకు 500 ఇచ్చారు. నెల లెక్క ప్రకారం ఆగస్టు 31 శనివారం రాత్రి కుదిరింది. ఒక రాత్రి పిల్లలను అత్తయ్య దగ్గర వదిలి వెళ్ళాను.

గది చిన్నది. మంచం, బల్ల, కుర్చీ, టీవీ, మూలన కర్టెన్ వెనక కమోడ్, వాష్‌బేసిన్. గోడకు పెద్ద అద్దం కిటికీ, దాని అవతల వాళ్ళ కంప్యూటర్లు. మాట్లాడుకోవడానికి ఇంటర్‌కమ్. సాయంత్రం ఆరుకు లోపలికి వెళ్ళాను. రబ్బరు అంచు ఉన్న తలుపు మూసినప్పుడు చెవుల్లో ఒక్కసారి గుమ్మన్నట్టు అయింది, తర్వాత మామూలే. హుడ్ కంటే ఇది ఎంతో నయం, కదలొచ్చు, చదవొచ్చు, ఫోన్ వాడుకోవచ్చు. గదే పెద్ద హుడ్ అన్నమాట. బయటి గాలి ఒక లెక్క ప్రకారం లోపలికి వస్తూ, లోపలి గాలి అదే లెక్కతో యంత్రానికి పోతూ ఉంటుంది. కాకపోతే ఇంత గాలిలో మనిషి ఊపిరి వల్ల వచ్చే మార్పు నిదానంగా తెలుస్తుంది, అందుకే పడుకునే వేళకు చాలా ముందే లోపలికి పంపుతారు. గది సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి ముందురోజు లోపల కొలత ప్రకారం ఆల్కహాల్ కాల్చి చూశారట. అది కాలితే ఎంత ఆక్సిజన్ పోవాలో, ఎంత కార్బన్ డయాక్సైడ్ రావాలో ముందే తెలుసు కాబట్టి.

భోజనం గోడలో ఉన్న రెండు తలుపుల చిన్న అర లోంచి వచ్చింది. అటు తలుపు మూశాకే ఇటు తలుపు తెరుచుకుంటుంది. చపాతీలు, పప్పు, బీన్స్ పల్య (కూర), పెరుగు, అన్నీ తూచినవే. గిన్నెలో అంటుకున్నది కూడా తినేయమన్నారు. నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించింది మూత్రం. మొత్తం ఒక క్యాన్‌లో పట్టి ఆ అర లోంచే ఇవ్వాలి. అందులోని నైట్రోజన్‌ని బట్టి ఒంట్లో ప్రొటీన్ ఎంత ఖర్చయిందో చూస్తారు. మొదటిసారి ఇచ్చినప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అవతల తీసుకున్నది ఒక ఆడపిల్లే, మామూలుగా తీసుకుని "థాంక్యూ అక్కా" అంది. రాత్రి పదికి చిన్నది వీడియో కాల్ చేసి గదంతా చూపించమంది. అద్దం అవతల ఉన్నవాళ్ళకు చెయ్యి ఊపింది, వాళ్ళూ ఊపారు.

పదిన్నరకు లైట్లు ఆర్పారు. గాలి లాగే మోటారు చప్పుడు సన్నగా, ఆగకుండా. కొత్త చోటు. పన్నెండు దాకా నిద్ర పట్టలేదు. నేను నిద్రపోకపోతే వాళ్ళ శ్రమంతా వృథా అవుతుందేమో అన్న ఆందోళనే నిద్ర రానివ్వలేదు. చివరికి ఇంటర్‌కమ్‌లో ఆ మాటే చెప్పాను. "మాకు రాత్రంతా అక్కర్లేదు మేడమ్, వరసగా మూడు గంటలు బాగా పడుకుంటే చాలు" అన్నారు. ఆ ఒక్క మాటతో బరువు దిగింది. ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది. మీలో ఎవరైనా ఇలాంటి పరీక్షకు వెళ్తే ఈ విషయం గుర్తుంచుకోండి, రాత్రంతా నిద్రపోవాలని ఎవరూ ఆశించరు.

ఆరుకు లేపారు. లేవకుండా అలాగే ఏడు దాకా మెలకువగా పడుకోమన్నారు, ఉదయపు లెక్క కోసం. తర్వాత తలుపు తెరిచారు. బయట నిలబెట్టిన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చారు.

రిపోర్టు వినాయక చవితి అయ్యాక, సెప్టెంబరు 13న మెయిల్‌లో వచ్చింది. ఆ గ్రాఫు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పక్క మీద అటు ఇటు దొర్లినప్పుడల్లా గీత కాస్త లేచి పడింది. రెండింటికి లేచి బాత్రూముకు వెళ్ళినప్పుడు ఒక పెద్ద శిఖరం. మూడు నుంచి ఆరు దాకా గీత కింద, నున్నగా. ఆ మూడు గంటల్లో నిమిషానికి 0.77 కేలరీలు, అంటే గంటకు 46. పొద్దున మెలకువగా పడుకున్నప్పుడు 0.82, గంటకు 49. హుడ్‌లో వచ్చిన లెక్కతో ఇది దాదాపు కలిసిపోయింది. నిద్రలో ఖర్చు ఆరేడు శాతం తగ్గిందన్నమాట, అది మామూలే అన్నారు. నా చేతి వాచీ మాత్రం ఏడు గంటల నిద్రకు నాలుగు వందల పైనే చూపిస్తుంది. గది లెక్కన చూస్తే 330 దాటదు. వాచీ ఊపిరిని కొలవదు. నేను ఎక్కించిన ఎత్తు, బరువు, వయసులకు గుండె వేగం కలిపి అంచనా వేస్తుంది. నడక లెక్కకు ఇప్పటికీ పెట్టుకుంటున్నాను, కేలరీల అంకె మాత్రం చూడటం మానేశాను.

కొత్త చార్టు 1350 కేలరీలది. అంతకు దిగవద్దన్నారు. అందులో ప్రొటీన్ 70 గ్రాములు, అంటే పప్పు, పెరుగు, గుడ్లు, వారంలో రెండు రోజులు చికెన్. వారానికి రెండుసార్లు రబ్బరు బ్యాండ్లతో కండకు వ్యాయామం, రోజూ సాయంత్రం అపార్ట్‌మెంట్ చుట్టూ నడక. డిసెంబరు చివరికి మూడు కిలోల దాకా తగ్గాను. నెమ్మదే. కానీ ఈసారి ఎంత తగ్గుతుందని చెప్పారో దాదాపు అంతే తగ్గింది, అందుకే మధ్యలో వదిలేయాలని అనిపించలేదు.

అన్నీ కలిపి నాకు అయిన ఖర్చు: హుడ్ పరీక్ష 3,200, డాక్టర్ గారి ఫీజు రెండుసార్లకు 1,800, ఆ పనికిరాని యంత్రానికి 600, క్యాబ్‌లకు దాదాపు 1,700. జూన్‌లో చీటీ రాయించుకున్న రోజు నుంచి చేతిలోకి సరైన అంకె రావడానికి ఏడు వారాలు పైన పట్టింది.

బరువు తగ్గితే విశ్రాంతి ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి మళ్ళీ కొలవాలన్నారు. 2025 ఫిబ్రవరి 8కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ధర అప్పటికి 3,500 అయింది. థైరాయిడ్ రిపోర్టు మూడు నెలలలోపుది ఉండాలని ఆసారి కొత్తగా అడిగారు, బుక్ చేసుకునే ముందే అది చేయించుకోండి.